10 మిల్లీమీటర్లు తక్కువైన బోల్టు

బండికి క్రాష్ గార్డు, దాని మీద బిగించే రెండు ఫాగ్ లైట్లు, హ్యాండిలుకు తగిలించే ఫోన్ హోల్డరు, దాని పక్కనే ఛార్జింగ్ సాకెట్టు, వీటితోపాటు ఒక జత కొత్త అద్దాలు: ఈ అయిదింటినీ ఒకే రాత్రి కూర్చుని ఆర్డరు చేశాను. అన్నీ చేతికి వచ్చాక ఒక ఆదివారం పొద్దున్నే పని మొదలుపెడితే మధ్యాహ్నానికల్లా ముగుస్తుందని, చీకటి పడ్డాక లైట్లు వెలిగించుకుని ఒక చుట్టు తిరిగి రావచ్చని లెక్క వేసుకున్నాను. లెక్క గంటల్లో వేశాను గానీ, పని 5 ఆదివారాలు మింగింది.

మెకానిక్‌కు అప్పగిస్తే ఒక పూటలో అయిపోయే పని ఇదని నాకు తెలియకపోలేదు. అయితే బండి కొన్నప్పటి నుంచీ దాని చిన్నాచితకా పనులు నేనే చేసుకుంటున్నాను. చెయిన్ సర్దడం, ఆయిల్ మార్చడం, ప్లగ్గు శుభ్రం చేయడం వచ్చినవాడికి నాలుగు బోల్టులు బిగించడం ఒక లెక్కా అన్న ధీమా ఉండేది. పైగా లైట్ల కోసం వైరింగును మధ్యలో కోసి, తీగలు మెలిపెట్టి, నల్ల టేపు చుట్టి పంపేసిన బండ్లను నేను చూసి ఉన్నాను. ఆ టేపు ఎండకు జిగురు వదిలి, ఒక వానాకాలం గడిచేసరికి లోపలి రాగి పచ్చగా చిలుము పడుతుంది. నా బండికి ఆ గతి పట్టకూడదనుకున్నాను.

అసలు చిక్కు ఆర్డరు చేసే చోటే మొదలవుతుందని అప్పటికి గ్రహించలేదు. అమ్మకపు పేజీలో వస్తువు ఫొటోలు ఎనిమిది ఉంటాయి, దాని మీది పౌడర్ కోటింగు గొప్పతనం గురించి ఒక పేరా ఉంటుంది, "అన్ని మోడళ్ళకూ సరిపోతుంది" అన్న వాక్యం లావు అక్షరాల్లో ఉంటుంది. కొనేవాడికి నిజంగా కావలసిన కొలత మాత్రం ఎంత వెతికినా కనబడదు. ఫోన్ హోల్డరునే తీసుకుందాం. మోటారు సైకిళ్ళ హ్యాండిల్ గొట్టాలన్నీ ఒకే లావున ఉండవు. ఎక్కువ బండ్లకు 22 మిల్లీమీటర్ల గొట్టం వస్తుంది, కొన్ని క్రూయిజర్లకు 25.4 ఉంటుంది, నడుమ లావుగా ఉండి పిడుల వైపు సన్నబడే రకానికి బిగింపు దగ్గర 28.6 ఉంటుంది. హోల్డరు ఏ లావు గొట్టానికి చేశారో చెప్పకుండా అన్నిటికీ సరిపోతుందని రాశారంటే, లోపల రెండు రబ్బరు పట్టీలు వేసి పంపుతారని, సరిపడేదాకా వాటిని మనమే కోసుకోవాలని అర్థం. నేనూ కోసుకున్నాను. మొదటి పట్టీని అవసరానికి మించి కోయడంతో గతుకు వచ్చినప్పుడల్లా ఫోను తల వాల్చేసేది. ఎక్కువ శక్తి గల మోటారు సైకిల్ ఇంజిన్ల అదురు తమ ఫోన్ల కెమెరాలలో బొమ్మ కదలకుండా పట్టి ఉంచే భాగాన్ని పాడు చేయవచ్చని 2021లో ఆపిల్ సంస్థే హెచ్చరించింది. అదురును మింగే రబ్బరు దిమ్మ ఈ హోల్డరులో ఉందో లేదో కూడా ఆ ఎనిమిది ఫొటోలలో ఎక్కడా తేలలేదు. చేతికొచ్చాక చూస్తే లేదు.

క్రాష్ గార్డు దగ్గర మరో తిరకాసు ఉంది. బండి పేరు ఏళ్ళ తరబడి అదే ఉంటుంది గానీ, లోపల ఫ్రేము ఏదో ఒక ఏడాది మారుతుంది, దానితో బ్రాకెట్టూ మారాలి. పేజీలో బండి పేరు ఉంది, ఏ సంవత్సరపు బండికో లేదు. నా బండి తయారైన సంవత్సరం రాసి, దీనికి పడుతుందా అని అమ్మేవారిని అడిగితే, "పక్కాగా సరిపోతుంది సార్" అని మూడు నిమిషాల్లో జవాబు వచ్చింది. జవాబు అంత త్వరగా వచ్చినందుకే అనుమానించి ఉండవలసింది.

అయిదు వస్తువులూ నాలుగు పార్సిళ్ళుగా విడిపోయి నాలుగు రోజుల్లో వచ్చాయి. గార్డు వచ్చిన రోజున దానిని బిగించే బోల్టుల పొట్లం రాలేదు. పొట్లం వచ్చిన రోజున తలుపు తీయడానికి ఇంట్లో ఎవరూ లేరు. ఆ ఎదురుచూపుల గోల పెద్దగా చెప్పుకోదగినది కాదు, అందరికీ అనుభవమే.

క్రాష్ గార్డు చూడటానికి వంచిన ఇనుప గొట్టమే. కానీ అది బండిని పట్టుకునేది ఇంజిన్‌ను ఫ్రేముకు బిగించిన చోటనే కాబట్టి, దానిని తగిలించాలంటే ఇంజిన్‌ను మోస్తున్న బోల్టునే బయటికి తీయాలి. గార్డు ప్లేటు మందమూ స్పేసరు (నడుమ ఎడం ఉంచే గొట్టపు ముక్క) పొడవూ అదనంగా చేరడం వల్ల పాత బోల్టు చాలదు. అందుకే కిట్టులో పొడవైన బోల్టులు ఇస్తారు. ఈ పనికి ఒక పద్ధతి ఉంది. ముందుగా ఇంజిన్ కింద జాకీ పెట్టి, రెండింటికీ నడుమ చెక్క ముక్క ఉంచి, ఇంజిన్ బరువు కాస్త దాని మీదికి వచ్చేంత వరకు మాత్రమే లేపాలి. ఆ తర్వాత నట్టు తీసి, పాత బోల్టును ఒక పక్క నుంచి లాగుతూ, ఎదుటి పక్క నుంచి కొత్త బోల్టును దాని వెన్నంటే తోసుకుంటూ రావాలి. రెండింటికీ మధ్య ఖాళీ రానిచ్చామా, ఇంజిన్ వెంట్రుకవాసి కిందికి దిగుతుంది, ఇక ఫ్రేము రంధ్రమూ ఇంజిన్ రంధ్రమూ ఒకదానికొకటి ఎదురు రావు. ఒకసారి ఒక బోల్టు మాత్రమే తీయాలన్నది కూడా ఇందుకే.

ఇదంతా ముందుగానే చదువుకుని ఉన్నాను కాబట్టి కింది బోల్టు ఏ పేచీ లేకుండా మారింది. పై బోల్టు కూడా సాఫీగానే దూరింది. అవతలి పక్క టార్చి పట్టుకుని కూర్చున్న మా తమ్ముడు నట్టు ఎక్కిస్తూ ఆగిపోయాడు.

"అన్నయ్యా, రెండు చుట్లే తిరిగింది. ఆపైన పట్టడానికి బోల్టు లేదు."

"వాషరు తీసి చూడరా."

"తీసే చెబుతున్నాను."

అటు వెళ్ళి వంగి చూశాను. లోపల నైలాన్ రింగు ఉన్న నట్టు అది. బోల్టు ఆ రింగును దాటి బయటికి ఒకటి రెండు మరలు కనిపించేలా వస్తేనే అదురుకు వదులు కాకుండా నిలిచే గుణం దానికి ఉంటుంది. మా బోల్టు నట్టు గుమ్మంలో నిలబడిపోయింది. బయటికి తీసి వెర్నియరుతో (దవడల మధ్య పట్టి కొలిచే సాధనంతో) కొలిస్తే 110 మిల్లీమీటర్లు ఉంది. ప్లేటు, స్పేసరు, ఫ్రేము, నట్టు అన్నీ కూడితే 120 కావాలి. పొట్లం మీద అంటించిన కాగితంలో మాత్రం 120 అనే రాసి ఉంది; రాసినవారు ఒకరు, పొట్లం కట్టినవారు మరొకరు అయి ఉంటారు.

నా పాత సామాన్ల డబ్బా గుమ్మరిస్తే 120 పొడవున్న 10 మిల్లీమీటర్ల బోల్టు ఒకటి దొరికింది. సంబరంగా నట్టు ఎక్కించబోతే రెండో చుట్టులోనే బిగుసుకుపోయింది. 10 మిల్లీమీటర్ల బోల్టులలో మరకూ మరకూ మధ్య 1.25 మిల్లీమీటర్ల దూరం ఉండేవి, 1.5 ఉండేవి రెండు రకాలూ వాడుకలో ఉన్నాయి. కంటికి రెండూ ఒకేలా ఉంటాయి. మొదటి చుట్టు రెండూ ఒకేలా తిరుగుతాయి కూడా. అక్కడ మొండికేసి పానాతో తిప్పితే నట్టు మరలన్నీ నలిగిపోతాయి. ఆ మర ఇంజిన్ కేసులోని అల్యూమినియంలో ఉండి ఉంటే నష్టం ఇంకా పెద్దది, రంధ్రాన్ని మళ్ళీ తొలిచి, మర కోసి, లోపల స్టీలు చుట్ట కూర్చోబెట్టవలసి వస్తుంది. పైగా డబ్బాలోని ఆ బోల్టు తల మీద 8.8 అని ఉంది. బండిలో ఉన్నదాని మీద 10.9 అని ఉంది. చుక్కకు ముందున్న అంకె ఎంత లాగుడుకు తెగుతుందో చెబుతుంది, తర్వాతి అంకె అందులో ఎన్నో వంతు దగ్గర సాగడం మొదలవుతుందో చెబుతుంది. ఇంజిన్ మోసే చోట గ్రేడు తగ్గించే ధైర్యం నాకు లేకపోయింది. పాత బోల్టులను మళ్ళీ వాటి చోట్లలోకి చేర్చి, గార్డును గోడకు ఆనించి, చేతులు కడుక్కున్నాను. అది మొదటి ఆదివారం.

అమ్మేవారికి ఫిర్యాదు పెడితే, పార్సిలు విప్పుతున్నప్పుడు తీసిన వీడియో పంపమన్నారు. బోల్టు పొడవు తక్కువైనదని నిరూపించడానికి పెట్టె విప్పిన వీడియో ఎందుకో నాకు ఇప్పటికీ అంతుబట్టదు. పెట్టెలో నుంచి తీస్తే బోల్టు కుదించుకుపోదు కదా. వెర్నియరు దవడల మధ్య బోల్టును పెట్టి, అంకె కనబడేలా ఫొటో తీసి పంపాను. "ఇబ్బందికి చింతిస్తున్నాము సార్, కొత్త బోల్టు పంపుతున్నాము" అన్నారు. 9 రోజులకు వచ్చింది. అదీ 110.

అప్పుడు చేసిన పని మొదటే చేసి ఉండవలసింది. కేవలం నట్లూ బోల్టులూ అమ్మేవారి పేజీ ఒకటి వెతికి పట్టుకున్నాను. అందులో ఫొటో ఒక్కటే ఉంది, అది కూడా మసకగా. కానీ బోల్టు వ్యాసం, మరల మధ్య దూరం, మొత్తం పొడవు, అందులో మర ఉన్న పొడవు, గ్రేడు, తలకు పట్టే పానా నంబరు, ఒక్కటి కూడా వదలకుండా పట్టికలో వేసి ఉన్నాయి. చదువుతుంటే ప్రాణం లేచి వచ్చింది. రెండు రోజులలో బోల్టు వచ్చింది, దూరింది, నట్టు అవతల రెండు మరలు మెరుస్తూ కనిపించాయి. సర్వీసు మాన్యువల్లో ఇచ్చిన టార్క్ (బిగింపు బలం) అంకెకు రెంచిని సర్ది, అది టక్కుమనేదాకా బిగించాను. అన్ని బోల్టులనూ ముందు చేతితో వదులుగా పెట్టి, గార్డు తన చోటికి తాను సర్దుకున్నాకే చివరి బిగింపు వేయాలి. ఒక వైపు పూర్తిగా బిగిస్తే రెండో వైపు రంధ్రం కలవక మళ్ళీ మొదటికి వస్తుంది.

పానాల గురించి ఒక మాట చెప్పి ముందుకు వెళ్తాను. బండితో వచ్చిన పనిముట్ల సంచిలో 10, 12, 14, 17 నంబర్ల పానాలున్నాయి. జపాన్ పద్ధతిలో 8 మిల్లీమీటర్ల బోల్టు తలకు 12 నంబరు పానా పడుతుంది. కిట్టులతో వచ్చిన బోల్టులు ఆ పద్ధతివి కావు, అదే 8 మిల్లీమీటర్ల బోల్టుకు వాటిలో 13 నంబరు కావాలి. 12 ఎక్కదు, 14 జారుతుంది. 14తో ఎలాగో నెట్టుకొద్దామని ప్రయత్నించి ఒక బోల్టు తల మూలలను గుండ్రంగా చేసిన ఘనత నాదే. హెడ్‌లైటు చుట్టూ ఉన్న ప్లస్ స్క్రూలదీ ఇదే కథ. చూడటానికి మామూలు ప్లస్ గంటులే, కానీ జపాన్ పద్ధతి గంటు లోతు వేరు. మామూలు స్క్రూడ్రైవరు దానిలో ఆనకుండా పైకి తన్నుకుని వచ్చి గంటును అరగదీస్తుంది.

మూడో ఆదివారం లైట్లకు పోయింది. ఒక్కొక్కటి 20 వాట్లు, రెండు కలిసి 40. 12 వోల్టులతో భాగిస్తే 3.3 ఆంపియర్లు. దానికి 5 ఆంపియర్ల ఫ్యూజు ధారాళంగా చాలు. కిట్టుతో వచ్చిన తీగ జుట్టుపోగులా ఉంది, దాని మధ్యలో వాళ్ళు కూర్చోబెట్టిన ఫ్యూజు మాత్రం 20 ఆంపియర్లది. ఫ్యూజు కాపాడవలసింది తీగను. ఎక్కడైనా రాపిడికి తొడుగు చిరిగి తీగ ఫ్రేముకు తగిలితే, ఆ 20 తెగేలోపల తీగే కాలి, తనతోపాటు పక్కనున్న తీగలనూ కాల్చుతుంది. ఇందులో కోపం రావడానికి కారణం ఖర్చు కాదు, చిన్న ఫ్యూజు పెట్టడానికి పెద్ద ఫ్యూజుకన్నా ఎక్కువేమీ కాదు. ఎవరూ ఆలోచించలేదు, అంతే. తీసి 5 పెట్టాను.

రిలే, అంటే స్విచ్చులోని చిన్న కరెంటుతో లైట్ల పెద్ద కరెంటును కలిపే డబ్బీ, దాని దగ్గర మాత్రం తప్పు పూర్తిగా నాది. ఈ రకం రిలేల కాళ్ళ మీద ఉండే అంకెలు దాదాపు అన్నిచోట్లా ఒకటే: 30కి బ్యాటరీ నుంచి ఫ్యూజు ద్వారా వచ్చే తీగ, 87 నుంచి లైట్లకు వెళ్ళే తీగ, 85, 86 లోపలి తీగచుట్టకు. స్విచ్చు వేస్తే తీగచుట్ట అయస్కాంతమై 30ని 87కు కలుపుతుంది. కిట్టు కాగితంలోని బొమ్మలో నాలుగు కాళ్ళున్నాయి, నాకు వచ్చిన రిలేకు అయిదు. నడిమి కాలు మీద 87ఎ అని సన్నగా చెక్కి ఉంది. చీకట్లో, ఆ చివరి అక్షరం కనబడక, లైట్ల తీగను దానికే తగిలించాను. బ్యాటరీకి ముందు పాజిటివ్, తర్వాత నెగటివ్ బిగించాను. ఊడదీసేటప్పుడు ముందు నెగటివ్ తీయాలి, లేకపోతే పాజిటివ్ మీద ఉన్న పానా పొరపాటున ఫ్రేముకు తగిలి నిప్పులు చిమ్ముతుంది. నెగటివ్ తగిలీ తగలగానే తాళం కూడా పెట్టకుండానే రెండు లైట్లూ భగ్గున వెలిగాయి. తాళం పెట్టి స్విచ్చు వేస్తే ఆరిపోయాయి. తీస్తే మళ్ళీ వెలిగాయి. మా తమ్ముడు నవ్వు ఆపుకోలేక గుమ్మం మీద కూలబడ్డాడు. రిలే విశ్రాంతిలో ఉన్నప్పుడు 30కి కలిసి ఉండేది ఆ నడిమి కాలే. అంటే బండి నిద్రపోతున్నప్పుడు వెలిగి, మేల్కొంటే ఆరే ఫాగ్ లైట్లను నేను తయారు చేశానన్నమాట.

వైరింగు కాగితంలో "నల్ల తీగను బండి నల్ల తీగకు కలపండి" అని ఉంది. నా బండికి అది చెల్లింది, యమహాలలో సాధారణంగా నల్లది ఎర్తు. హోండా బండ్లలో సాధారణంగా ఎర్తు ఆకుపచ్చ తీగ, నల్లది తాళం తిప్పితే కరెంటు వచ్చే తీగ. ఒకే కాగితాన్ని అన్ని బండ్లకూ ముద్రించేవారికి ఈ తేడా తెలియదని అనుకోను. మీటరు పెట్టి చూడకుండా తీగ రంగును నమ్మవద్దన్న ఒక్క ముక్క అక్కడ రాసి ఉంటే సరిపోయేది.

ఛార్జింగ్ సాకెట్టును నేరుగా బ్యాటరీకి కలపమని దాని కాగితం చెప్పింది. సులువైన దారి, కానీ ఏ ఫోనూ పెట్టకపోయినా సాకెట్టు నీలం దీపం వెలుగుతూనే ఉంటుంది. అది 10 మిల్లీ ఆంపియర్లే తాగుతుందనుకున్నా రోజుకు 0.24 ఆంపియర్ అవర్లు పోతాయి. 6 ఆంపియర్ అవర్ల బ్యాటరీ అయితే 25 రోజుల్లో పూర్తిగా అడుగంటుతుంది, సెల్ఫు మొరాయించేది అంతకు చాలా ముందే. తాళం తిప్పితేనే కరెంటు వచ్చే తీగను మీటరుతో వెతికి దానికి కలిపాను. ఆ ఒక్క తీగ కోసం ట్యాంకు లేపవలసి వచ్చింది, లేపేటప్పుడు పక్క ప్యానెలు ప్లాస్టిక్ క్లిప్పులు రెండు పుటుక్కుమన్నాయి.

ఇక అద్దాలు. అన్నిటికన్నా సులువైన పని ఇదేనని చివరికి ఉంచుకున్నాను. ఎడమది అర నిమిషంలో ఊడింది. కుడిది ఎంత తిప్పినా కదలలేదు. తుప్పు పట్టిందనుకుని నూనె వేసి, రాత్రంతా నానబెట్టి, మర్నాడు పానాకు గొట్టం తొడిగి మరీ తిప్పాను. లివరు బ్రాకెట్టు హ్యాండిలు మీద పక్కకు జరిగింది గానీ అద్దం కాడ జరగలేదు. అలసిపోయి కూర్చుని మాన్యువల్ తిరగేస్తుంటే తెలిసింది: యమహా బండ్లలో చాలావాటికి కుడి అద్దానిది ఎడమ మర, అంటే మామూలుకు ఎదురు దిక్కున బిగుసుకునేది. నేను విప్పుతున్నాననుకుని ఒక రోజంతా బిగించాను. కారణం తెలిశాక కోపం కూడా నిలవలేదు. ముందు నుంచి ఏదైనా తగిలితే కుడి అద్దం వెనక్కి తిరుగుతుంది, పైనుంచి చూస్తే అది గడియారం ముల్లు తిరిగే దిక్కు. మామూలు మర అయితే ఆ దెబ్బకు ఇంకా బిగుసుకుని ఏదో ఒకటి విరుగుతుంది. ఎడమ మర కాబట్టి వదులై పక్కకు తప్పుకుంటుంది. ఎవరో చాలా శ్రద్ధగా ఆలోచించిన పని అది. కొత్త అద్దాలు చేసినవారు ఆలోచించలేదు. రెండింటికీ కుడి మరే ఉంది. ఎడమ మరను కుడి మరకు మార్చే ఎడాప్టరు కోసం మరో ఆర్డరు, మరో వారం.

ఇప్పుడు అన్నీ బండి మీదే ఉన్నాయి. లైట్లు తాళంతో వెలుగుతున్నాయి, తాళంతో ఆరుతున్నాయి. ఎడమ లైటు కాస్త నేల చూపు చూస్తుంది, దాని బ్రాకెట్టు వంపు అలా ఉంది. విరిగిన క్లిప్పుల చోట ఎప్పుడైనా గట్టి గతుకు పడితే ప్యానెలు కిరకిరలాడుతుంది.

నిన్న రాత్రి చేతులకు గాలి తగలకుండా హ్యాండ్ గార్డులు చూస్తున్నాను. ఈసారి హ్యాండిల్ గొట్టం లావు, పిడి చివరి రంధ్రం లోపలి వ్యాసం, బ్రేకు లివరు నుంచి అద్దం కాడ దాకా ఉన్న ఎడం, మూడింటినీ వెర్నియరుతో కొలిచి, మీ బిగింపు బోల్టు పొడవు ఎంత, మరల మధ్య దూరం ఎంత అని అమ్మేవారికి రాశాను. నాలుగు నిమిషాల్లో జవాబు వచ్చింది: "అన్ని మోడళ్ళకూ సరిపోతుంది సార్." అదే ప్రశ్నను మళ్ళీ పంపాను.